దివిసీమ పెద్దాయనకు, ఆయన ఇంటివాళ్ళకు

మొన్న ఆదివారం హంసలదీవి దగ్గర ఇసుకలో కూరుకుపోయిన నా కారును ట్రాక్టరుకు కట్టి లాగి, రాత్రికి ఇంట్లో పడుకోబెట్టి, డబ్బులు తీస్తే కోప్పడిన పెద్దాయనకు ఈ నాలుగు ముక్కలు. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయనకు ఫోన్‌లో చదివే అలవాటు లేదు. మనవరాలు చదివి వినిపిస్తానని మాటిచ్చింది.

నాన్న అస్థికలు కృష్ణ సముద్రంలో కలిసే చోట కలుపుదామని విజయవాడ నుంచి ఒక్కణ్ణే బయల్దేరాను. తమ్ముడికి చెప్పలేదు. నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రి వాడికి పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వాడు వచ్చేసరికి నాన్న లేడు. ఇంక వాడితో నాకేం పని అనుకున్నాను.

పాలకాయతిప్ప దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో వెనక చక్రాలు దిగబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా లోపలికి. ఎండ దిగిపోతోంది, ఫోన్‌లో సిగ్నల్ ఒకసారి ఉంటే రెండుసార్లు లేదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఈ పెద్దాయన దూరం నుంచి చూసి, యజమానిని అడిగి ట్రాక్టరు తెచ్చారు. చక్రాల కింద తాటి మట్టలు వేసి, మోకు కట్టి, "బాబూ, స్టీరింగు తిప్పమాక, అట్టా ఉంచు" అన్నారు. పది నిమిషాల్లో కారు బయట పడింది. అప్పటికే చీకటి. "ఇప్పుడు సంగమం దగ్గరికి వద్దు, పొద్దున్నే నేనే తీసుకెళ్తా" అని ఇంటికి తీసుకెళ్ళారు.

వాళ్ళింట్లో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. ముందు సీట్లో ఎర్రగుడ్డ చుట్టిన కుండ చూసినట్టున్నారు, పెద్దమ్మ ఏమీ అడక్కుండా వేరే గిన్నెలో నాకు పప్పు వండారు. అమ్మా, ఆ పప్పులో మీరు వేసిన మామిడి ఒరుగు ఇంకా నాలుక మీదే ఉంది.

తింటుంటే తమ్ముడి ఫోన్. కట్ చేశాను. మళ్ళీ చేశాడు, మళ్ళీ కట్ చేశాను. మూడోసారికి పెద్దాయన "ఎవురు?" అన్నారు. చెప్పాను. ఎందుకో తెలీదు, అంతా చెప్పేశాను. ఆయన మంచి చెడ్డా ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మోచేతి కింద ఒక మచ్చ చూపించారు. తుమ్మ ముల్లు దిగిన మచ్చ.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వాళ్ళకు ఆ తారీఖు చెప్పక్కర్లేదు. సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా పోయిన ఉప్పెన. అప్పటికి ఆయనకు పదమూడేళ్ళు. నీళ్ళలో కొట్టుకుపోతూ ఒక పూరింటి కప్పు పట్టుకున్నారు. మెడకు ఆరేళ్ళ చెల్లి వేలాడుతోంది. కప్పు మీద సొంత చిన్నాన్న. "మునుగుద్దిరా, వదులు" అంటూ వేళ్ళ మీద తొక్కాడట. చెల్లి ఎప్పుడు జారిందో తెలీలేదు. ఈయన ఒక తుమ్మచెట్టుకు తగులుకుని తెల్లారేదాకా ఉన్నారు.

చిన్నాన్న కూడా బతికాడు, అదే ఊళ్ళో. పద్నాలుగేళ్ళు ఎదురుపడితే ఉమ్మి పక్కకు పోయేవాణ్ణన్నారు. తర్వాత కాసేపు ఆగి, బయట ట్రాక్టరు వైపు చూస్తూ చెప్పిన మాట ఇది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను:

"చెట్టెక్కేటప్పుడు నా కాలు ఒక చెయ్యి పట్టుకుంది బాబూ. కొమ్మ విరుగుద్దని విదిలించాను. ఎవరిదో ఇప్పటికీ తెలీదు. ఊరంతా చిన్నాన్నని తిడుతుంటే వాళ్ళతో కలిసి నేనూ తిట్టేవాణ్ణి. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలా."

చిన్నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడితే చూసే దిక్కు లేదు. ఆయన పిల్లలూ ఉప్పెనలోనే పోయారు. ఈయన ఒకరోజు గంజి కాయించుకుని వెళ్ళారు. "క్షమించానని నేను అనలా. ఆయన అడగనూ లేదు. తాగి గ్లాసు నా చేతికిచ్చాడు, అంతే" అన్నారు. చివరిదాకా, ఏడాదిన్నర పాటు, రోజూ వెళ్ళారట.

ఆ రాత్రి నులక మంచం మీద నాకు నిద్ర పట్టలేదు. నాన్న ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానని పెట్టేసిన సాయంత్రాలు ఒకటొకటే గుర్తొచ్చాయి. అవీ తక్కువేం కాదు. పదకొండు దాటాక బయటికొచ్చి, సిగ్నల్ కోసం చెరువు గట్టు ఎక్కి, తమ్ముడికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. హైదరాబాద్‌లో దొరికిన కారెక్కి, పొద్దున ఏడుకల్లా కోడూరు వచ్చాడు. పెద్దాయన మనవడు బైక్ మీద వెళ్ళి తీసుకొచ్చాడు.

సంగమం దగ్గర మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంటే తమ్ముడు నా చొక్కా పట్టుకున్నాడు.

పెద్దాయనా, మీకూ, పెద్దమ్మకూ, తన ఛార్జర్ ఇచ్చి తను ఫోన్ లేకుండా ఉన్న మనవరాలికీ, ట్రాక్టరు ఇచ్చిన యజమానికీ దండాలు. మీ మోకు మా డిక్కీలోనే ఉండిపోయింది, ఇంటికొచ్చాక చూశాం. సంక్రాంతికి ఇద్దరం కలిసి తెచ్చిస్తాం. ఈసారి చేపల పులుసే పెట్టాలి.