రేపు పొద్దున మళ్లీ రక్తం ఇవ్వాలి

మారతహళ్లి, బెంగళూరు
మంగళవారం రాత్రి

ఒసేయ్,

నిన్న నీ ఫోన్ ఎత్తలేదని కోపంగా ఉంటావు. నీ గొంతు వింటే ఏడ్చేస్తానని ఎత్తలేదు. ఇది ఫోన్లో చెప్పడం నా వల్ల కాదు, మెసేజ్‌లో ముక్కలు ముక్కలుగా పెట్టాలనీ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు నెల తప్పింది. ఈ మాట నీకు చెప్పే రోజు కోసం రెండేళ్లుగా చూస్తున్నానని నీకు తెలుసు. తీరా చెప్పాల్సిన రోజు వస్తే సంతోషపడాలో వద్దో తెలియడం లేదు. రెండు గీతలు వచ్చాయి. కానీ గర్భం ఎక్కడ నిలిచిందో తేలలేదు. గర్భసంచిలో ఉందా, అండం గర్భసంచికి వచ్చే దారిలోని ట్యూబ్‌లో ఆగిపోయిందా, లేక దానంతటదే పోతోందా, మూడింట్లో ఏదైనా కావచ్చట.

పోయిన గురువారం చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించింది. భయమేసి ఇంటి దగ్గర స్కానింగ్‌కి పరిగెత్తాం. అక్కడి ఆవిడ నా మొహం వైపు కూడా చూడకుండా "లోపల ఏమీ లేదు, పోయినట్టుంది" అనేసింది. టిష్యూ చేతిలో పెట్టి తర్వాతి పేరు పిలిచింది. అంత పెద్ద మాట అలా ఎలా అంటారే? ఆ సాయంత్రం ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే విడమరిచి చెప్పింది. గర్భం వస్తే బీటా హెచ్‌సీజీ అని రక్తంలో ఒక హార్మోన్ పెరుగుతుంది. అది 1500 దాటితేనో, కొందరికి 3500 దాకా వస్తేనో గానీ లోపలి స్కాన్‌లో కూడా పిండం సంచి కనపడదట. నాది ఆ రోజు 640. "కనపడలేదంటే లేదని కాదమ్మా" అంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్ని రోజులు నెట్టుకొచ్చాను.

అప్పటినుంచి 48 గంటలకోసారి రక్తం ఇస్తున్నాను. ఇంత తొలి రోజుల్లో గర్భం సరిగ్గా ఉంటే 48 గంటల్లో ఆ అంకె కనీసం ఇంచుమించు సగం మేర పెరగాలట. శనివారం 890 వచ్చింది, నిన్న 1190. పెరుగుతోంది, కానీ పెరగాల్సినంత కాదు. మా ఆయన ఆ అంకెల్ని అమ్మ ఉగాదికి పంపిన క్యాలెండర్‌లో రాహుకాలం పక్కన పెన్సిల్‌తో రాస్తున్నాడు. అమ్మ ఉన్నట్టుండి వస్తే చెరిపేయొచ్చని పెన్సిల్.

ల్యాబ్‌లో మదనపల్లె అబ్బాయి ఒకడున్నాడు. నిన్న నా ఎడమ మోచేతి మడతలో పచ్చగా కమిలింది చూసి "అక్కా, ఈ చెయ్యి వద్దులే, ఆ చెయ్యి ఇవ్వు" అన్నాడు. సూది తీశాక దూది నాకివ్వకుండా తనే చాలాసేపు అదిమి పట్టుకున్నాడు. నా కాగితం మీద ఏ పరీక్షో చూసే ఉంటాడు. ఏమీ అడగలేదు. ఈ వారంలో నా కడుపు చల్లబడింది ఆ నిమిషంలోనే.

ఈ ఎదురుచూపులు ఎందుకని మొదట చాలా విసుక్కున్నాను. ఏదో ఒకటి తేల్చేయొచ్చు కదా అని. ట్యూబ్‌లో ఉందని తేలితే గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, లేదంటే ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న చిన్న కోతలతో చేసే ఆపరేషన్. కానీ బిడ్డ గర్భసంచిలోనే, ఇంకా కనపడకుండా ఉండి, తొందరపడి ఆ సూది వేస్తే మంచి గర్భాన్ని మన చేతులతో మనమే పోగొట్టుకున్నట్టు. అలాగని ఊరికే కూర్చుంటే ట్యూబ్ పగిలి నా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఈ 48 గంటల లెక్క. ఇది అర్థమయ్యాక విసుగు పోయింది, భయం మాత్రం పోలేదు.

మా ఆయన డాక్టరమ్మని ఒక ప్రశ్న అడిగాడు. "ఒకవేళ ట్యూబ్‌లో ఉంటే, అక్కడ్నుంచి తీసి గర్భసంచిలో పెట్టలేరా మేడమ్?" ఆవిడ పెన్ను కింద పెట్టి, "అలా చేసే దారి లేదయ్యా" అంది మెల్లగా. బయటికొచ్చాక బండి తాళాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడే. నేనే తీసుకుని స్టార్ట్ చేశాను.

ఒకవైపే గట్టి నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, రక్తం ఎక్కువైనా, భుజం చివర నొప్పి వచ్చినా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి రమ్మన్నారు. కడుపులో రక్తం కారితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. ఆదివారం రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, కుడి భుజం లాగుతోంది. లేచి కూర్చున్నాను. మా ఆయన లైటు వేసి, బీపీ మిషన్ తెచ్చి చేతికి చుట్టాడు. పది నిమిషాలకి తగ్గింది, ఒత్తిగిలి పడుకున్నందుకే అయ్యుంటుంది. కానీ తెల్లారేదాకా ఇద్దరం నిద్రపోలేదు. రింగ్ రోడ్డు మీద మెట్రో పని జరుగుతోంది కదా, పగలు ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో, రాత్రి ఎంతో, రెండూ వెళ్లి చూసొచ్చాడు.

స్కూటీ మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కినందుకా, ఆఫీసులో బొప్పాయి తిన్నందుకా అని నేనూ తవ్వుకున్నాను. వాటి వల్ల కాదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చాలామందికి ఏ కారణమూ దొరకదట. రేపు మా అత్తగారు ఏమన్నా అన్నా నువ్వైనా ఇది గుర్తుపెట్టుకో, నాకు గుర్తుచెయ్యి.

అమ్మకి చెప్పకు. ఆవిడ బీపీ సంగతి నీకు తెలుసు. నాకూ "అంతా మంచే జరుగుతుందిలే" అని చెప్పకు. మంచి జరగకపోతే ఆ మాట గుచ్చుకుంటుంది. అలాగని ఆశ వదులుకోమనీ అనకు. రోజూ పొద్దున లేవగానే చెయ్యి నా కడుపు మీదికే పోతోంది. దాన్ని ఆపడం నాకు ఇష్టం లేదు.

రేపు పొద్దున ఏడింటికి రక్తం ఇస్తాను, సాయంత్రానికి రిపోర్టు. ఎల్లుండి మళ్లీ స్కాన్. గుమ్మం పక్కన సంచి సర్దే ఉంది, పాత రిపోర్టులు, ఇన్సూరెన్స్ కార్డు, రెండు నైటీలు, ఛార్జర్. ఆపరేషన్ అంటే మాత్రం నువ్వు రావాలి. తిరుపతిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి వచ్చేస్తావు. సిటీ లోపలిదాకా వెళ్లకు, కేఆర్ పురంలో దిగు, మా ఆయన వచ్చి తీసుకొస్తాడు.

నీ
నేను