మా సంతోడి తరఫున అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. మొన్న శివరాత్రి తిరునాళ్ళలో పెట్టిన ఒంగోలు గిత్తల అందాల పోటీలో మా కోడెదూడ సంతోడికి రెండు పళ్ళ విభాగంలో (పశువు వయసును పళ్ళను బట్టే లెక్కేస్తారు) మూడో బహుమతి వచ్చింది. ఫోటో చూసి ఫోన్లు చేసినవాళ్ళంతా నన్నే మెచ్చుకుంటున్నారు. నిజానికి ఇందులో నా వాటా చాలా తక్కువ, నేను చేసిన పాడే ఎక్కువ. ఎవరెవరు ఏం చేశారో నలుగురిలో చెప్పకపోతే నాకు అన్నం సహించదు. అందుకే ఇది రాస్తున్నాను.

వాణ్ణి కొన్నది సంతలో. అందుకే సంతోడయ్యాడు. పోయినేడు వానలు పడకముందు కొన్నాను. తల్లి ఎవరి ఆవు అని అడిగితే అమ్మినాయన ముందు కొండపి వైపుది అన్నాడు. కాసేపటికి కనిగిరి వైపుది అన్నాడు. నేను డబ్బులు లెక్కపెట్టేలోపు పొదిలి కూడా వచ్చింది. వయసు మాత్రం మాట మార్చకుండా "ఏడాది దాటింది, అంతే" అన్నాడు. ఆ ఒక్క మాట నమ్మాను.

మన వైపు కోడెదూడను చూస్తే ఎవరైనా ముందు అడిగేది ఏ ఆబోతుకు పుట్టిందనే కదా. 1960లలో మన ఒంగోలు దగ్గరి కరవది ఊరి గిత్త బ్రెజిల్ వెళితే, అక్కడ దాన్ని ఊరి పేరుతోనే పిలిచారు. వాళ్ళు మన జాతినే నెలోర్ అంటారు. మన పశువులు మొదట్లో ఆ దేశం వెళ్ళే నాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. పుట్టుకను అంతగా చూసే మన వైపు అమ్మానాన్నల జాడ లేని దూడను తోలుకొచ్చి పోటీకి పెడతానంటే బజారులో నవ్వరా? నవ్వారు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళలో ఇద్దరు పోటీ రోజు విజిల్స్ వేశారు.

మొదటి దండం మా పశువుల డాక్టరమ్మ గారికి. గాలికుంటు టీకా వేయడానికి వచ్చినావిడను, మేడం, ఇది ఒంగోలు జాతేనా చూడండి అని పట్టుకున్నాను. తల నుంచి తోక దాకా నిదానంగా చూశారు. మూతి నలుపు, రెప్పల వెంట్రుకలు నలుపు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి తోలు, గిట్టలు నలుపు. గంగడోలు, అంటే మెడ కింద వేలాడే తోలు, మడతలు మడతలుగా దిగింది. మూపురం పక్కకు వాలలేదు. ఒంటి మీద ఎర్ర మచ్చ ఎక్కడా లేదు. నేను ఉబ్బిపోతుంటే తోక కుచ్చు పట్టుకుని రెండు పాయలు చేశారు. లోపల అయిదారు తెల్ల వెంట్రుకలు! "కుచ్చు మొత్తం నల్లగా ఉండాలి, ఇది లోపమే" అన్నారు. "లక్షణాలు బాగున్నాయని చెప్పగలను గానీ పుట్టుపూర్వోత్తరాలు లేకుండా ఫలానా జాతి అని కాగితం రాసివ్వలేను." అలా ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆవిడంటే నాకు గురి కుదిరింది. చదలవాడ పశుక్షేత్రానికి వెళ్ళి గిత్తలు ఎలా నిలబడతాయో ఒకసారి చూసి రమ్మన్నది కూడా ఆవిడే. చూసొచ్చాక నా దూడ ఎంత బక్కగా ఉందో తెలిసొచ్చింది.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. పది రోజుల్లో కండ పట్టించాలని ఉడికించిన ఉలవలు, తవుడు ఒక్కసారిగా రెట్టింపు చేశాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది. మూడో రోజు రాత్రి పదకొండింటికి దూడ నెమరు ఆపేసింది. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పు మీద కొట్టినట్టు మోగుతోంది. డాక్టరమ్మ గారికి ఫోన్ చేస్తే, నోట్లో ఏమీ పోయొద్దు, పడుకోనివ్వొద్దు, ముందు కాళ్ళు ఎత్తు మీద ఉండేట్టు నిలబెట్టండి అన్నారు. పేడదిబ్బ పక్కన మిట్ట ఎక్కించి, నేనూ మా తమ్ముడూ చెరోపక్క కాసుకుని నిలబడ్డాం. ఆ ముప్పావు గంట నేను పడ్డ టెన్షన్ మా పెద్దదాని పదో తరగతి రిజల్ట్ అప్పుడు కూడా పడలేదు. ఆవిడ వచ్చి నోటి గుండా గొట్టం దించగానే బుస్సుమని గాలి వచ్చింది. అంత పులిసిన కంపును అంత ఆనందంగా పీల్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. తర్వాత పద్ధతి రాసిచ్చారు: ముందు జొన్న చొప్ప, ఆ తర్వాతే దాణా, పెంచినా గుప్పెడు గుప్పెడుగా, మధ్యలో నట్టల మందు. ఆ చీటీ ఇప్పటికీ కొట్టంలో దూలానికి గుచ్చి ఉంది. మేడం, ఆ రాత్రికి మీరు నా దగ్గర పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు.

ఇక మా పై బజారు పెదనాన్న. మాకు చుట్టరికం లేదు, వరస పిలుపే. ఎనభై దగ్గర పడ్డ మనిషి. ఒకప్పుడు ఆయన ఎద్దులు చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్నవి. నేను చెరువు కట్ట మీద దూడను నడిపించడం, అంటే అది నన్ను ఈడ్చుకుపోవడం, నాలుగు రోజులు అరుగు మీద నుంచి చూశాడట. అయిదో రోజు కర్ర పోటేసుకుంటూ వచ్చి, "అట్టా లాగబాకరా అబ్బయా, ముక్కు తెగుద్ది" అన్నాడు. నా నైలాన్ తాడు విప్పించి, ఇంట్లో దాచుకున్న పాత నూలు తాడు తెచ్చిచ్చాడు. చేతుల్లో నలిగి నలిగి మెత్తబడిన తాడు అది.

ఆయన నేర్పింది మొత్తం రాయాలంటే రోజు చాలదు. దూడ ముందు నడవొద్దు, జబ్బ పక్కన నడువు. తాడు వదులుగా వేలాడాలి, బిగిసిందంటే తప్పు నీదే. వెనక్కి తిరిగి దాని మొహం చూడొద్దు, నువ్వు పోయే చోటు చూడు. ఆగమన్నప్పుడు ఆగితే గంగడోలు కింద గోకు, అంతకు మించి లంచం వద్దు. వెనకడుగు వేయించాలంటే తాడు గుంజక్కర్లేదు, జబ్బ మీద రెండు వేళ్ళు ఆనిస్తే అదే వెనక్కి జరుగుతుంది. నేను నమ్మలేదు. ఆయనే రెండు వేళ్ళు ఆనించాడు. నాలుగొందల కిలోల పశువు, బస్సులో చోటిచ్చినట్టు ఒక్క అడుగు వెనక్కి వేసి, నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడింది!

మొదటి పక్షం వాళ్ళ ముసలి ఎద్దుకు జతగా నడిపించాం. అది ఆగితే ఇది ఆగేది. తర్వాత ఒంటరిగా, తెల్లారి అయిదింటికి కట్ట మీద, సాయంత్రం బస్టాండు దాకా. పెదనాన్న రోజూ వచ్చాడు, మోకాళ్ళు పట్టేసినా వచ్చాడు.

తోక సంగతీ చెప్పాలి. పేరు చెప్పను గానీ ఒక శ్రేయోభిలాషి హెయిర్ డై పొట్లం తెచ్చి, రాత్రికి రాత్రి పని అయిపోద్ది అన్నాడు. ఒక్క క్షణం నాకూ మనసు లాగిందని ఒప్పుకుంటున్నాను. పెదనాన్న ఆ పొట్లం తీసుకుని, "నా మీసానికి పనికొస్తుందిలే" అని జేబులో వేసుకున్నాడు. మీసం ఇంకా తెల్లగానే ఉంది.

డప్పులన్నలకు ప్రత్యేకంగా థ్యాంక్స్. జనం, మైకు, టపాసులు అలవాటు కాకపోతే అక్కడ బెదిరిపోతాడని, మూడు వారాలు రోజూ సాయంత్రం మా కొట్టానికి దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి వస్తూ వాయించారు. టీ తప్ప ఏమీ తీసుకోలేదు. బండి తోలిన మా బావమరిదికి, కుంకుడు రసంతో ఒళ్ళు తోమిన పిల్లలకు, కొమ్ములు చెక్కొద్దని ఆపిన పక్కింటి బాబాయికి కూడా.

పోటీ పొద్దున అసలు దెబ్బ తగిలింది. పేరు రాసేచోట పెద్దమనిషి దూడ కింది పెదవి తిప్పి చూసి, "ఇది పాలపళ్ళ దూడ కాదయ్యా" అన్నాడు. వంగి చూద్దును కదా, ముందు పాలపళ్ళు రెండూ ఊడి, వాటి చోట వెడల్పు పళ్ళు తెల్లగా చిగుళ్ళు దాటి పొడుచుకొచ్చాయి. రెండేళ్ళు నిండితే గానీ రానివి! అమ్మినాయన చెప్పిన ఒక్క నిలకడైన మాట కూడా అబద్ధమే. అన్ని నెలలు కాళ్ళు కడిగినవాణ్ణి, ఒంటికి నూనె రాసినవాణ్ణి, నోరు తెరిచి చూడలేదు చూడండి. పాలపళ్ళ వాళ్ళలో మనదే పెద్దదని మురిసిపోతూ వెళ్ళినవాణ్ణి, రెండు పళ్ళ వరసలో అందరికంటే చిన్నదాన్ని పట్టుకుని నిలబడ్డాను.

తొమ్మిది గిత్తలు. మాది ఏడోది. మా ముందున్నది మైకు గోలకు తిరగబడి, పట్టుకున్న ఇద్దరినీ చుట్టూ తిప్పింది. సంతోడు చెవులు ఆడించాడు, అంతే. తాడు నా చేతి నుంచి వదులుగా వేలాడుతూనే ఉంది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన చుట్టూ తిరిగి, మూపురం మీద చెయ్యి వేసి, చివరికి తోక కుచ్చు పట్టుకుని రెండు పాయలు చేశాడు. తెల్ల వెంట్రుకలు చూపించి నా మొహం చూశాడు. "ఉన్నవేనండీ" అన్నాను. ఆయన నవ్వి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ తర్వాత నడిపించమంటే నడిపించాను, ఆపమంటే ఆపాను. రెండు వేళ్ళు ఆనించాను. ఒక్క అడుగు వెనక్కి.

మూడో బహుమతి పిలిచినప్పుడు పెదనాన్న నా వైపు రాలేదు. నేరుగా దూడ దగ్గరకెళ్ళి గంగడోలు కింద గోకుతూ నిలబడ్డాడు.

చివరగా ఒక సాయం అడుగుతున్నాను. సంతోడికి ఎడమ చెవి కొసన చిన్న చీలిక ఉంది, నుదుటి మీద పక్కపక్కనే రెండు సుళ్ళు ఉన్నాయి. రెండు రెండున్నరేళ్ళ కిందట కొండపి, కనిగిరి, పొదిలి వైపు ఎవరింట్లోనైనా ఇలాంటి కోడెదూడ పుట్టి ఉంటే దయచేసి చెప్పండి. ధర గురించి గానీ, అమ్మినాయన మీద గొడవకు గానీ కాదు. ఆ ఆవు ఇంకా ఉంటే దానికో గంప పచ్చిగడ్డి, దాన్ని సాకిన ఇంటివాళ్ళకు ఒక దండం ఇచ్చి రావాలని ఉంది.