‘శాశ్వతం’ అని రసీదు ఇచ్చాం: మహాలయ అమావాస్య లోపు విరాళాలకు విజ్ఞప్తి

చాకలిపేట మన రామాలయాన్ని తమ ఇంటి గుడిగా భావించే చెన్నై తెలుగు కుటుంబాలన్నిటికీ కమిటీ తరఫున నమస్కారాలు.

మహాలయ అమావాస్యకు ఇంక 22 రోజులే ఉంది. ఈశాన్య వానలు మొదలయ్యేలోపు వంటశాల పైకప్పు బాగు చేయించాలి. అర్చకస్వామికి రెండు నెలల సంభావన బాకీ పడ్డాం. ఆ సంగతులు చివర రాస్తాను. ముందు శాశ్వత పూజల పుస్తకం గురించి చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఆ పుస్తకం మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందులో 214 పేర్లున్నాయి. ప్రతి పేరుకూ ఎదురుగా గోత్రం, తిథి, కట్టిన సొమ్ము. మిల్లుల్లో, హార్బరులో ఒళ్ళు వంచి పని చేసినవాళ్ళు, బండి మీద కూరగాయలు అమ్మినవాళ్ళు, ఇంట్లో అప్పడాలు ఒత్తి పిల్లలను చదివించిన తల్లులు. ఎక్కువమంది కట్టింది 500 రూపాయలు. అప్పట్లో ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీతో ఏటా వారి తిథి నాడు కొబ్బరికాయ, పూలు, ప్రసాదం, దక్షిణ అన్నీ జరిగిపోయేవి. ఇప్పుడు 7 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి వచ్చేది 35 రూపాయలు. మూర పూలకే చాలదు.

అందుకని నాలుగేళ్ళుగా ఎవరి తిథి వారికి జరగడం లేదు. మహాలయ అమావాస్య నాడు అందరి పేర్లూ ఒక్కసారే చదివి ఒకే హారతి ఇస్తున్నాం. ఈ విషయం మీకు ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేకపోయాం. కానీ ఒక మాట అడగనివ్వండి. మీ తాతగారి తిథికి ఒక్క ఏడాదైనా గుడికి వచ్చి ఉంటే మీకే తెలిసేది కదా? అణ్ణానగర్, వేళచ్చేరి అంత దూరమేమీ కాదు.

తద్దినంలో మనం పేరు పెట్టి పిలిచేది మూడు తరాలనే. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. అంతకు ముందరి వాళ్ళ పేర్లు మంత్రంలో రావు. రేపు మన మనవల తరం దాటాక మన పేరూ అంతే. మన పెద్దలకు ఇది బాగా తెలుసు. చిరంజీవులు ఏడుగురే, మిగతావాళ్ళు పేరు నిలుపుకోవడానికి సప్తసంతానం అన్నారు. చెరువు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, కన్నబిడ్డ. ఈ పట్నంలో చెరువు తవ్వించే స్థలం ఎవరికుంది? అగ్రహారాలు ఎవరిస్తారు? చిన్న సంపాదనలవాళ్ళకు మిగిలింది గుడి ఒక్కటే. అందుకే మన దగ్గరకు వచ్చారు.

ఈ ప్రాంతాన్ని ఏలిన దామర్ల సోదరులు 1639లో ఈ తీరాన్ని ఈస్టిండియా కుంపిణీవారికి ఇచ్చినప్పుడు తమ తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు నిలవాలని కోరుకున్నారని, అలా ఇది చెన్నపట్నం అయిందని మన ఇళ్ళలో చెప్పుకుంటాం. 1996లో మద్రాసు పేరు చెన్నైగా మారాక ఆ తండ్రి పేరు పలకనివాళ్ళు ఊళ్ళో లేరు. ఊరికి పేరు పెట్టుకోగల స్తోమత లేని మన పెద్దలు ఏడాదికి ఒక్కపూట చాలు అనుకున్నారు. ఆ ఒక్కపూటకు మనం రసీదు మీద ‘శాశ్వతం’ అని రాసి, ముద్ర వేసి ఇచ్చాం.

పుస్తకంలో అరవై పేర్లకు ఇప్పుడు వారసులు ఎవరూ లేరు. వాటిలో ఒక పేరు పిల్లలు లేని ఒక అవ్వది. నా చిన్నతనంలో ఆమె చీర కొంగున చిల్లర కట్టుకొచ్చి, మా నాన్నగారి ముందు గుమ్మరించి, “నా తరవాత నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు నాయనా, స్వామి ముందు మీరే పిలవాలి” అంది. లెక్కపెడితే 500కు ఏడు రూపాయలు తక్కువ. ఆ ఏడూ నాన్నగారు వేశారు. ఇలాంటి పేర్లకు మిమ్మల్ని కాక ఎవరిని అడగను? పాత శాసనాల చివర కనిపించే శ్లోకం మీకు తెలియనిది కాదు: “స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం.” తాను ఇచ్చినదానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం రెండింతల పుణ్యం.

ఒక్కో పేరుకు 10,000 రూపాయలు మూలధనంగా వేస్తే ఏటా 700 వస్తుంది, పూజ గౌరవంగా జరుగుతుంది. వారసులు తమ పెద్దల పేరుకు కట్టండి. స్తోమత ఉన్నవారు వారసులు లేని పేరు ఒకటి కూడా తీసుకోండి.

ఇంకొకటి, నామఫలకం. మండపం నేల రాళ్ళ మీద చెక్కిన దాతల పేర్లు మన పాదాల కిందే అరిగిపోయాయి. నీళ్ళు పోసి, పక్కనుంచి దీపం పెడితే తప్ప అక్షరం కనపడదు. నేనూ అర్చకస్వామీ మూడు రాత్రులు కూర్చుని 48 పేర్లు చదవగలిగాం, పదకొండు చదవలేకపోయాం. ఆ పేర్లన్నీ, పుస్తకంలోని పేర్లతో కలిపి, నల్లరాతి మీద చెక్కించి ఉత్తరపు గోడకు నిలబెట్టాలి. కమిటీలో కొందరు ముందు పైకప్పు అంటున్నారు. కాదనను. కానీ పైకప్పు వచ్చే ఏడాదైనా వేయవచ్చు, అరిగిన అక్షరం వచ్చే ఏడాదికి ఉండదు. పేర్లు తెలుగులోనే ఉంటాయి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు గనుక కింద తమిళంలోనూ చెక్కిస్తాం.

పూజలకు, ఫలకానికి, పైకప్పుకు, సంభావన బాకీకి అన్నీ కలిపి 28 లక్షల దాకా కావాలి. చేతిలో ఉన్నది నాలుగు లక్షలకు కాస్త తక్కువ. లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. గోపురానికి రంగులు వేయించినప్పుడు అడగకుండానే ఇచ్చినవారు మీరే.

శిల్పికి పేర్ల జాబితా అమావాస్యకు వారం ముందే ఇవ్వాలి. మీ పెద్దల పేరు, ఇంటిపేరు, గోత్రం, తిథి స్పష్టంగా రాసి, పాత రసీదు ఉంటే దానితో సహా సాయంత్రం 6 నుంచి 8 లోపు గుడి ఆఫీసులో ఇవ్వండి. అరిగిపోయిన ఆ పదకొండు రాళ్ళ మీద మీ ముత్తాత పేరు ఉండేదని ఇంట్లో ఎవరికైనా జ్ఞాపకం ఉంటే, విరాళం ఇవ్వలేకపోయినా సరే, ఆ పేరు చెప్పి వెళ్ళండి.

కమిటీ తరఫున,
కార్యదర్శి