ఇంటి సర్వర్, ఇంటిల్లిపాది ఫ్రమ్ అడ్రస్‌లు

సత్యనారాయణపురం,
విజయవాడ

ఒరేయ్ శీనూ,

నువ్వు ఫోన్‌లో అడిగిన దానికి సగమే జవాబు చెప్పాను. మిగతాది మాటల్లో చెబితే నీకు గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. బ్రాడీపేటలో మీ ఇంట్లో కూడా మెయిల్ సర్వర్ పెట్టుకుంటానన్నావు. పెట్టుకోరా, నాకు చాలా సంతోషం. అయితే "ఇంట్లో నలుగురికి నాలుగు ఫ్రమ్ అడ్రస్‌లు ఎందుకు, ఒకటి చాలదా" అని అడిగావు చూడు, అక్కడే నీతో ఒప్పుకోలేను. ఫ్రమ్ అడ్రస్ అంటే జవాబు ఎవరికి చేరాలో చెప్పేది. మా ఇంట్లో నాన్న రాసిన మెయిల్‌కి జవాబు నాన్నకే రావాలి, మీ చెల్లెమ్మ కుట్టు పనికి వచ్చే ఆర్డరు ఆవిడకే చేరాలి. సర్వర్‌లో మిగతా పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మెషీన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గవర్నర్‌పేటలో కొన్న సెకండ్ హ్యాండ్ చిన్న పీసీ, దాంట్లో డెబియన్ అనే లైనక్స్, మెయిల్ పంపడానికి పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్స్ ఉండే డబ్బాలు చూపించడానికి డవ్‌కాట్. రౌటర్‌నీ దాన్నీ కలిపి ఇన్వర్టర్ మీద పెట్టాను. నీకు మేలో గుంటూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, గాలి తగిలే చోట పెట్టు, బీరువా మీద మాత్రం పెట్టకు.

కరెంటు పోతే మెయిల్స్ పోతాయేమో అని నీ భయం. పోవు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా వీధిలోనూ కరెంటు లేదు, సర్వర్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాక మెయిల్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. అవతలి సర్వర్‌కి మనం దొరక్కపోతే అది మెయిల్‌ను క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సర్వర్లు మెయిల్ పంపుకునే పద్ధతిని ఎస్ఎంటీపీ అంటారు, ఆ ప్రమాణమే కనీసం 4, 5 రోజులు ప్రయత్నించమంటుంది. పోస్ట్‌ఫిక్స్ కూడా మామూలుగా 5 రోజులు ఆగుతుంది. కాబట్టి రావడం తేలికేరా. కష్టమంతా పంపడంలోనే ఉంది. మనల్ని ఎప్పుడూ చూడని సర్వర్ మన పేరు నమ్మాలి కదా.

ముందు ఒక్క విషయం బాగా పట్టుకో. ప్రతి మెయిల్‌కీ పంపినవాళ్ల అడ్రస్‌లు రెండు ఉంటాయి. పోస్టులో వేసే ఉత్తరం సంగతే తీసుకో. కవరు మీద ఒక ఫ్రమ్ అడ్రస్ రాస్తాం, లోపల కాగితం మీద పైన మన పేరూ ఊరూ రాస్తాం. పోస్ట్‌మ్యాన్‌కి కవరు మీదదే కావాలి, ఉత్తరం తిరిగొస్తే అక్కడికే తెస్తాడు. చదివేవాళ్లకు కనిపించేది లోపలిది. మెయిల్‌లోనూ అంతే. కవరు మీది అడ్రస్‌కి బౌన్స్‌లు (చేరలేదని తిరిగొచ్చే మెయిల్స్) వస్తాయి, ఫోన్‌లో కనిపించేది లోపలి ఫ్రమ్. ఈ రెండూ ఒకటే కావాలని రూలేం లేదు, వేరైనా మెయిల్ వెళ్తుంది. కానీ సర్వర్‌లో ఏ సెట్టింగ్ ముట్టుకున్నా ఇది కవరుకా, కాగితానికా అని ముందు అడుక్కో. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇప్పుడు మా ఇంటి లెక్క చెబుతాను. నాన్నకి సొంత అడ్రస్ ఒకటి. ఆయన తనతో పనిచేసిన రిటైర్డ్ మాస్టార్లందరికీ రాస్తుంటారు, పెన్షన్ కాగితాల గురించి కూడా ఆయనే రాసుకుంటారు. మీ చెల్లెమ్మ, మా వదిన కలిసి మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తారు కదా, దానికి ఆర్డర్స్ అని వేరే అడ్రస్. అమెరికా నుంచి కొలతలు పంపేవాళ్లు మెయిల్‌లోనే పంపుతారు, ఫోన్ మారినా పాతవి వెతుక్కోవచ్చని. నాకొకటి. పాప స్కూలుకీ, పోటీలకీ నింపే ఫారాల కోసం ఇంకొకటి. చివరిది మెషీన్‌కే. డిస్క్ నిండుతోందనో, బ్యాకప్ అవ్వలేదనో అది కూడా మెయిల్ రాస్తుంది కదా.

వీళ్లలో ముందు సరిచేయాల్సింది మెషీన్ అడ్రస్సే. ఏమీ ముట్టుకోకపోతే రూట్ అనే యూజర్ పేరు పక్కన మెషీన్ హోస్ట్‌నేమ్ (మనం మెషీన్‌కి పెట్టిన పేరు) తగిలించి పంపేస్తుంది. ఆ హోస్ట్‌నేమ్ మన ఇల్లు దాటితే ఎవరికీ తెలియదు. లేని డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచి వచ్చిందని చాలా సర్వర్లు గుమ్మంలోనే వెనక్కి పంపేస్తాయి. పోస్ట్‌ఫిక్స్‌లో మైఆరిజిన్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాంట్లో మన డొమైన్ పెడితే సగం గొడవ తీరుతుంది. మిగతా సగానికి సెండర్ కానానికల్ మ్యాప్స్ అనే పట్టిక. ఎడమవైపు రూట్ పేరుతో వచ్చే అడ్రస్, కుడివైపు మనం కనిపించాలనుకునే అడ్రస్. ఒక వరుస రాసి పోస్ట్‌మ్యాప్ అనే కమాండ్ కొడితే చాలు.

ఇదే పని ఎస్ఎంటీపీ జెనరిక్ మ్యాప్స్ కూడా చేస్తుందని నీకు ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ డీకిమ్ సంతకం (మెయిల్ మన డొమైన్ పేరు మీదే వచ్చిందని, దారిలో మారలేదని చూపించే గుర్తు) ఇంట్లోనే చేస్తుంటే దాని జోలికి పోకు. జెనరిక్ పట్టిక మెయిల్ బయటికి వెళ్లే ఆఖరి మెట్టులో అడ్రస్ మారుస్తుంది. సంతకం అంతకుముందే అయిపోయి ఉంటుంది. సంతకంలో ఫ్రమ్ తప్పనిసరిగా కలిసి ఉంటుంది కాబట్టి, తర్వాత ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. కారణం తెలియకపోతే దీన్ని పట్టుకోవడం ఎంత టెన్షనో ఊహించుకో.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. పోస్ట్‌ఫిక్స్‌లో ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినవాళ్లు ఏ అడ్రస్‌తోనైనా పంపొచ్చు. మామూలుగా ఎవరూ ఆపరు. పాప లాగిన్‌తో నాన్న పేరున మెయిల్ వెళ్తుంది, రేపు ఎవరి ఫోనైనా దొంగ చేతిలో పడితే ఇంట్లో అందరి పేర్లూ వాడి చేతిలో పడ్డట్టే. మన ఇంటి పేరుతో ఒక డొమైన్ పెట్టుకున్నాక ఇది నాకు ససేమిరా నచ్చదు. అందుకని సెండర్ లాగిన్ మ్యాప్స్ పట్టిక రాయాలి, ఏ అడ్రస్‌కి ఏ లాగిన్ సొంతదారో చెప్పాలి, సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ అయితే తిప్పికొట్టమనే రూల్ పెట్టాలి. ఒక అడ్రస్‌కి ఇద్దరు సొంతదారులు ఉండొచ్చు. ఆర్డర్స్ అడ్రస్ పక్కన మీ చెల్లెమ్మ లాగిన్, వదిన లాగిన్ రెండూ రాశాను. అటు వర్చువల్ ఏలియాస్ అనే పట్టికలో (ఏ అడ్రస్‌కి వచ్చింది ఎవరి డబ్బాలో వేయాలో చెప్పేది) ఆర్డర్స్‌కి వచ్చేది ఇద్దరి డబ్బాల్లోనూ పడేలా చేశాను. పంపే హక్కు ఒక పట్టికలో, అందుకునే ఏర్పాటు ఇంకో పట్టికలో ఉంటుంది. ఒకటి రాసి రెండోది వదిలేస్తే పంపడం కుదిరి జవాబు రాని అడ్రస్ తయారవుతుంది. ఇంకో మాట, ఈ రూల్ చూసేది కవరు మీది అడ్రస్‌నే. కాగితం మీది ఫ్రమ్‌ని ఇది చూడదు. ఇంట్లోవాళ్ల మధ్య అంతవరకు చాలు, బయటివాళ్లకు లాగిన్ ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం చాలదు.

ఫోన్‌లో సెట్ చేసేటప్పుడు అకౌంట్ ఒకటే పెట్టి దాంట్లో ఐడెంటిటీలు, అంటే పంపే పేరూ అడ్రస్సూ, రెండు పెట్టొచ్చు. థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్‌లో అయితే అది చాలా హాయిగా ఉంటుంది. ఆర్డర్స్‌కి వచ్చిన మెయిల్‌కి జవాబిస్తే ఆర్డర్స్ నుంచే వెళ్తుంది. మీ చెల్లెమ్మకి అది నేర్పడానికి ఒక సాయంత్రం కూడా పట్టలేదు.

నాన్నది వేరే కోరిక. తన పేరు తెలుగులో కనబడాలన్నారు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది చెప్పు? అడ్రస్ పక్కన కనిపించే పేరు తెలుగులో పెట్టడం ఎప్పటి నుంచో కుదురుతుంది, 1996లో వచ్చిన ప్రమాణంతోనే. ఇప్పుడు ఆయన మెయిల్ తెరిస్తే అచ్చ తెలుగులో పేరు వస్తుంది, మాస్టార్లంతా మురిసిపోయారు. అడ్రస్ మొత్తాన్నే తెలుగులో పెట్టడానికి కూడా 2012లో ప్రమాణం వచ్చింది, పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి అది పనిచేస్తుంది, తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా ఉంది. కానీ ఆన్‌లైన్ ఫారాలు ఎన్నో ఇంకా ఆ అడ్రస్‌ను తీసుకోవు. పెన్షన్ లాంటి పనికి వాడే అడ్రస్‌తో ఆ రిస్క్ వద్దనిపించి, పేరు తెలుగులో, అడ్రస్ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచాను.

ఇప్పుడు బయటి ప్రపంచం. ఇంటి కనెక్షన్ నుంచి 25వ పోర్ట్ (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే దారి) మీద నేరుగా పంపుదామని చూడకు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఆ పోర్ట్ మూసేస్తాయి, ఐపీ (మన కనెక్షన్‌కిచ్చే నంబరు) మారుతుంటుంది, ఆ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్, అంటే నంబరును బట్టి పేరు చెప్పే రికార్డు, మన పేరుతో ఉండదు. పైగా ఇళ్లకిచ్చే ఐపీలు స్పామ్‌ను అడ్డుకునే లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ వాళ్ల పాలసీ లిస్టులో ఉంటాయి, అక్కడి నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్నదే ఆ లిస్టు ఉద్దేశం. మా కనెక్షన్ పరిస్థితీ అంతే. అందుకే డబ్బు కట్టి ఒక రిలే, అంటే మన మెయిల్ తీసుకుని బయటికి పంపిపెట్టే సర్వీసు, తీసుకున్నాను. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ దగ్గర దాని పేరు, 587 పోర్ట్ ఇచ్చి, పాస్‌వర్డ్‌ను దానికున్న వేరే పట్టికలో పెడితే మన మెయిల్ దాని చేతుల మీదుగా వెళ్తుంది. ఫ్రమ్ అడ్రస్ మాత్రం మనదే. మన పేరు నిలబడటానికి సర్వర్ మన గదిలోంచే తలుపు కొట్టాల్సిన పనిలేదు.

రిలే వచ్చాక డీఎన్ఎస్‌లో, అంటే మన డొమైన్ వివరాలు బయటి సర్వర్లు వెతికి చూసుకునే చోట, మూడు రికార్డులు. ఎస్‌పీఎఫ్‌లో మన డొమైన్ తరఫున ఎవరు పంపొచ్చో రాస్తాం. రిలేవాళ్లు ఇచ్చే ఇన్‌క్లూడ్ (వాళ్ల జాబితాను కూడా కలుపుకోమనే మాట) దాంట్లో చేర్చు. ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండు పెడితే రెండూ పనికిరావు. ఇన్‌క్లూడ్‌ల వెంట పోతే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. రెండోది డీకిమ్, 2048 బిట్ల కీ తీసుకో. టెక్స్ట్ రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి ఆ కీని రెండు ముక్కలుగా రాయాల్సి వస్తుంది. మూడోది డీమార్క్.

డీమార్క్ దగ్గర మళ్లీ కవరూ కాగితమూ వస్తాయి. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది డొమైన్. డీకిమ్ సంతకంలో ఏ డొమైన్ పేరుందో అదే చూస్తుంది. చదివేవాళ్లకు కనిపించే ఫ్రమ్‌ని ఈ రెండూ పట్టించుకోవు. ఆ ఫ్రమ్‌లోని డొమైన్‌కి ఈ రెంటిలో కనీసం ఒకటి పాసై, పేరు కూడా కలవాలని అడిగేది డీమార్కే. చాలా రిలేలు బౌన్స్‌లు తమకు రావాలని కవరు అడ్రస్‌లో తమ డొమైన్ పెట్టుకుంటాయి. అప్పుడు ఎస్‌పీఎఫ్ పాసైనా అది వాళ్ల పేరు మీద పాసైనట్టు, మనకు పనికిరాదు. మన డొమైన్ పేరుతో చేసిన డీకిమ్ సంతకమే అప్పుడు మనల్ని కాపాడేది. నాన్న స్నేహితులు కొందరు పాత అడ్రస్ నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకున్నారు, అక్కడా అంతే. దారిలో సర్వర్ మారగానే ఎస్‌పీఎఫ్ తప్పుతుంది, మెయిల్‌ను ముట్టుకోకపోతే సంతకం నిలుస్తుంది. కాబట్టి మనలాంటి ఇంటి సర్వర్‌కి డీకిమ్ సరిగ్గా ఉండటం మీదే ఎక్కువ టైమ్ పెట్టు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ప్రతి పంపేవాళ్లనీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలని అడుగుతోంది, రోజుకి 5,000 మెయిల్స్ పైన పంపేవాళ్లయితే రెండూ, డీమార్క్ కూడా ఉండాలి. మనది ఆ లెక్కలోకి రాదు, అయినా మూడూ పెట్టు. డీమార్క్‌ని మొదట పాలసీ నన్‌తో (తప్పినవాటిని ఏమీ చేయొద్దని) పెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రస్ ఇచ్చి, కొన్నాళ్లు చూశాక క్వారంటైన్‌కి (తప్పినవాటిని అనుమానంగా చూసి పక్కన పెట్టమని) మార్చు.

జవాబు ఇవ్వొద్దు అని రాసే అడ్రస్‌లు నువ్వు పెట్టకురా. మెషీన్ పంపే మెయిల్ అయినా సరే, దానికి ఎవరైనా జవాబు కొడితే ఒక మనిషి చదవాలి. మా ఇంట్లో మెషీన్ అడ్రస్‌కి వచ్చేవన్నీ నా డబ్బాలో పడతాయి. పోస్ట్‌మాస్టర్ అనే అడ్రస్ ప్రతి డొమైన్‌కీ ఉండాలని ప్రమాణమే చెబుతుంది, అబ్యూస్ అని కూడా ఒకటి పెట్టడం మర్యాద. రెండు ఏలియాస్ వరుసలే కదా. మన సర్వర్ వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగితే వాళ్లు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి.

ఈ ఆదివారం పొద్దున బస్సెక్కి వస్తాను, గంట ప్రయాణమేగా. నేను వచ్చేలోపు మీ ఇంట్లో ఎవరు ఎవరికి రాస్తుంటారో, ఏ అడ్రస్‌కి జవాబు ఎవరి చేతికి రావాలో అమ్మనీ, తమ్ముడినీ అడిగి కాగితం మీద రాసి పెట్టు. సెట్టింగ్‌లు అందులోంచే పుడతాయి. డొమైన్ కొన్న చోట లాగిన్, పాస్‌వర్డ్ కూడా వెతికి పెట్టు, అది లేకపోతే డీఎన్ఎస్ రికార్డు ఒక్కటీ వేయలేం. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాఘవ