వార్షిక నివేదిక: పాత కట్టడాలు, వాటిలో ఉండే మనుషులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పాత ఇళ్ల జాబితా తయారీ, సున్నం పనిలో శిక్షణ, అధ్యయన సమావేశాలు చేపట్టింది. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే లోపలికి వెళ్తున్నాం కాబట్టి జాబితా పని నెమ్మదిగా సాగుతోంది. అలా సాగడమే మంచిది.

ఎక్కువమంది ఆసక్తిగా వచ్చింది సున్నం శిక్షణకే. సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పేరుకుని ఇటుకను తినేస్తుంది. మేస్త్రీ గారు ఒక గోడకున్న సిమెంటు పెచ్చు ఊడదీసి చూపించారు. పెచ్చు రాయిలా చేతికొచ్చింది. దాని వెనకున్న ఇటుక మాత్రం వేలితో రాస్తేనే పొడిగా రాలింది. గోడ గట్టిపడాలని ఎవరో ఖర్చుపెట్టి చేయించిన పని అది!

డబ్బు సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. కొత్త కట్టడంతో పోలిస్తే మరమ్మతు ఖర్చులో పనివాళ్ల కూలికి పోయే వాటా ఎక్కువ. మేస్త్రీకి, వడ్రంగికి ఇచ్చిన డబ్బు చాలావరకు ఆ ఊళ్లోనే చేతులు మారుతుంది. పైగా పాత గోడలోని ఇటుకలు కాల్చడానికి ఇంధనం ఎప్పుడో ఖర్చయింది. కూల్చి కడితే ఆ ఖర్చు మళ్లీ మొదలు. అమెరికాలో గుర్తింపు పొందిన చారిత్రక కట్టడాన్ని వ్యాపారానికో, అద్దెకో పనికొచ్చేలా పద్ధతి ప్రకారం బాగుచేయిస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇస్తున్నారు.

అధ్యయన సమావేశాల్లో న్యూయార్క్ నగరంలోని పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ పాత భవనం గురించి చర్చించాం. దాని కూల్చివేత 1963లో మొదలైంది. ఆ నగరంలో కట్టడాల రక్షణ చట్టం 1965లో గానీ రాలేదు. చర్చ ఎక్కువగా నడిచింది మాత్రం ఇటలీ నగరాలైన వెనిస్, బొలోన్యాల మీద. 1951లో వెనిస్ పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు, 2022 నాటికి 50,000 కంటే తగ్గిపోయారు. భవనాలు నిలిచాయి, పర్యాటకులు కోట్లలో వస్తున్నారు, ఇరుగుపొరుగు మాత్రం లేకుండా పోయింది. అదే ఇటలీలోని బొలోన్యా 1973లో వేరే దారి పట్టింది. పాత ఇళ్లను ప్రజా నిధులతో బాగుచేసి, అందులో ఉన్న సామాన్య కుటుంబాలు అక్కడే ఉండేలా ప్రణాళిక వేసింది.

పర్యాటకుల రాకే పరిరక్షణకు కొలమానమని కొందరు సభ్యులు వాదించారు. కార్యవర్గం దీన్ని ఒప్పుకోవడం లేదు. బాగుచేసిన వీధిలో అద్దెలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోతే, ఆ వీధిలో ఎవరి ఇల్లు ఏదో, ఏ బావి ఎప్పుడు పూడిందో చెప్పేవాళ్లు ఉండరు. పాత నగరాలను ఎలా కాపాడుకోవాలో చెబుతూ యునెస్కో 2011లో చేసిన చారిత్రక నగర దృశ్య సిఫారసు కూడా కట్టడాలతో పాటు అక్కడి సామాజిక, సాంస్కృతిక ఆచారాలను, ఆర్థిక వ్యవహారాలను లెక్కలోకి తీసుకోమంటోంది.

అందుకే వచ్చే ఏడాది జాబితా ఫారంలో గోడలు, దూలాల వివరాల పక్కనే ఆ ఇంట్లో ఎవరుంటున్నారు, ఎంతకాలంగా ఉంటున్నారు, అద్దె పెరుగుతుందన్న టెన్షన్ ఉందా అన్న ప్రశ్నలు కూడా చేరుస్తున్నాం. జవాబులు వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వం. కొలతలు తీయగలిగినవాళ్లు, పెద్దవాళ్లతో ఓపిగ్గా కూర్చుని మాట్లాడగలిగినవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వండి.