బరువు కాదమ్మా, ఇంకోటి అడుగు

తల్లీ,

నిన్న ఫోన్లో కూడా మొదటి మాట అదే. "ఎంతున్నావు నాన్నా?" అరవై రెండున్నర అన్నాను. ఆ తర్వాత నీ గొంతు పెగల్లేదు. నా రక్త క్యాన్సర్‌కి మూలకణాల మార్పిడి చేసినప్పుడు నీ కణాలే నాకు ఎక్కించారు, అవే నా పేగుల మీద పడ్డాయి, అందుకే నాన్న చిక్కిపోయాడని నీ లోపల తొలుస్తోంది. నాకు తెలుసు. ఫోన్లో చెప్పడం చేతకాక రాస్తున్నాను.

వార్డులో రోజూ పొద్దున ఆరింటికి బరువు చూసే మిషను ఎక్కించేవాళ్లు కదా. చేరిన రోజు 68. మార్పిడికి ముందిచ్చే కీమో మందు మెల్ఫలాన్ ఎక్కించాక నోరంతా పూసి, గుటక వేస్తే గాజుపెంకు దిగినట్టుండేది. వారంలో నేను తిన్నది నాలుగు చెంచాలు. అయినా 71 దాటాను. నువ్వు సంబరపడ్డావు. డాక్టరు మాత్రం నా పొట్ట నొక్కి కాలేయం చూశారు, కాలేయం పనితీరు చెప్పే బిలిరుబిన్ పరీక్షకి రక్తం పంపారు. చేరినప్పటి బరువు మీద 5 శాతం పెరిగితే కాలేయంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతున్నాయేమోనని చూడాలట. నాకు అది కాదు, సెలైన్ల నీరు. నీరు లాగే మందు ఇచ్చాక రెండు రోజుల్లో మూడు కిలోలు తగ్గాను. ఆ రోజు నువ్వు ఏడ్చావు. పోయింది నీళ్లమ్మా. కండ పోయింది అంతకుముందే, అంకె పెరుగుతున్న రోజుల్లోనే, ఆ నీటి చాటున.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటుంది. ఆ మెల్ఫలాన్ ఎక్కుతున్నంతసేపూ ఐసు ముక్కలు నోట్లో ఉంచుకోమన్నారు. చలికి నోట్లో రక్తనాళాలు ముడుచుకుని అక్కడికి మందు తక్కువ చేరుతుందని. పళ్లు జివ్వుమన్నాయని మధ్యలో ఆపేశాను. ముక్కులో ట్యూబు వేస్తామన్నప్పుడూ నాలుగు రోజులు మొండికేశాను. నరం ద్వారా ఆహారం ఎక్కించొచ్చు కదా అన్నాను. పేగు పనిచేస్తున్నంతకాలం పేగుకే తిండి అందాలి, నరం దారిలో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, షుగరు పెరుగుతుంది అని డైటీషియన్ ఎంత చెప్పినా వినలేదు. నువ్వు చెంచా పట్టుకుని నిలబడితే ప్లేటు తోసేశాను. నీ మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది. క్షమించు తల్లీ.

ఇక నీ కణాల సంగతి. వాటికి నా పేగు పరాయిదనిపించింది, విరేచనాలు పట్టుకున్నాయి, 59కి దిగాను. నిజమే. కానీ నాలో ఎక్కడో నక్కిన ల్యుకేమియాని, అదే ఆ రక్త క్యాన్సర్‌ని, వెతికి చంపాల్సింది కూడా ఆ కణాలే. అసలు మార్పిడి చేయించుకున్నదే దానికోసం. అందులో నీ తప్పు వెతక్కు.

ఆ కణాల దాడి తగ్గించడానికి స్టెరాయిడ్లు మొదలయ్యాక 64కి పెరిగాను. ఫోటో చూసి "మొహం నిండింది" అన్నావు. ఆ వారమే నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. రెండు చేతులూ ఆనించి, ముందుకు ఊగి, మూడోసారికి గానీ నడుము పైకి రాలేదు. స్టెరాయిడ్లు మొహానికి నిండుదనం ఇచ్చి తొడల్లో కండ తీసేస్తాయి. మిషనుకి ఆ రెండూ ఒకటే.

అందుకే నా లెక్క మార్చుకున్నాను. కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు, అంటే నాకు రోజుకి 75 నుంచి 95 గ్రాములు. గుడ్డులో ఆరే ఉంటాయి, చూడు ఎంత తినాలో! నోట్లో ఇంకా ఇనుప రుచే. అయినా ఆకలి కోసం ఎదురుచూడకుండా, గడియారం చూసి రెండు గంటలకోసారి కొంచెం తింటున్నాను.

నువ్వు పండ్లు కూడా మాన్పించావు కదా, అంత అక్కర్లేదట. 2023లో ఇటలీ వాళ్లు ప్రచురించిన ట్రయల్లో, మార్పిడి తర్వాత తెల్లకణాల కౌంట్లు పడిపోయిన రోజుల్లో శుభ్రత పాటిస్తూ, పండ్లతో సహా మామూలు తిండి తిన్నవాళ్లకి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువేం రాలేదు. పచ్చి గుడ్డు, సరిగా ఉడకని మాంసం, కాచని పాలు మాత్రం వద్దు. ద్రాక్షపండు కాదు, గ్రేప్‌ఫ్రూట్ అనే పుల్లటి పండు ఉంటుంది, అది అసలే వద్దు. నీ కణాల దాడిని అదుపులో ఉంచే మందు టాక్రోలిమస్ మోతాదు దానివల్ల రక్తంలో పెరిగిపోతుంది. మిగతావి కడిగి తినిపించు, నేను తింటాను.

రేపు ఫోన్ చేసినప్పుడు ఎన్నిసార్లు లేచావని అడుగు. నిన్న చేతులు ఆనించకుండా కుర్చీలోంచి మూడుసార్లు లేచాను. నాలుగోసారి చెయ్యి ఆనించాల్సి వచ్చింది.

మీ నాన్న