ఫోల్డర్ తెరుచుకోకపోతే ఫార్మాట్ కొట్టేయడమేనా, మంత్రి గారూ?

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ కింద నడిచే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. లైసెన్సు ఖర్చు ఉండదని మా కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టించారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, నిజం చెప్పాలంటే ఇష్టమే. నా గొడవంతా అది మొరాయించినప్పుడు జరిగే తంతు గురించి. ఫైల్ మేనేజర్ ఐకాన్ మీద క్లిక్ చేస్తాం, కర్సర్ కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతుంది, విండో మాత్రం రాదు. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తాడు, ఏమైందో చూడడు, ఫార్మాట్ కొట్టి మళ్లీ లైనక్స్ ఎక్కించేస్తాడు, టికెట్ (అంటే మా ఫిర్యాదు) క్లోజ్. అతన్ని నేనేమీ అనను, ఎన్ని టికెట్లు ఎంత త్వరగా మూశారన్న లెక్క మీదే వాళ్లకి బిల్లు పాసవుతుంది. డాక్యుమెంట్స్‌లో ఉన్నవన్నీ పోయాయి బాబూ అంటే, బ్యాకప్ మీ బాధ్యత అని ముందే సంతకం పెట్టారు కదా సార్ అంటాడు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడం అంటే ఇదే.

ముందు ఒక్క విషయం. ఫైల్ మేనేజర్ అనేది ఫైళ్లని చూపించే ఒక మామూలు ప్రోగ్రామ్, అంతే. గ్నోమ్‌లో నాటిలస్, కేడీఈలో డాల్ఫిన్, సినమన్‌లో నీమో, ఎక్స్‌ఎఫ్‌సీఈలో థూనార్, ఇలా డెస్క్‌టాప్‌కి ఒకటి ఉంటుంది. అది తెరుచుకోకపోయినా ఫైళ్లు దాదాపు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే విండోలో, ఎల్‌ఎస్ (ls) అని కొడితే అన్నీ కనిపిస్తాయి. కనిపించే వాటిని తుడిచేసి, కనిపించడం లేదన్న సమస్యని తీర్చామంటున్నారు!

ఐకాన్ నొక్కినప్పుడు ప్రోగ్రామ్ ఏం మొత్తుకుంటుందో మనకి కనపడదు. అదే ప్రోగ్రామ్‌ని టెర్మినల్‌లో పేరు టైప్ చేసి నడిపితే ఆ మొత్తుకోలు అక్షరాల్లో బయటపడుతుంది. పర్మిషన్ లేదంటుందా, డిస్క్‌లో చోటు లేదంటుందా, ఫలానా లైబ్రరీ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన ఉమ్మడి కోడ్) దొరకలేదంటుందా, సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. కానీ సెక్యూరిటీ పేరు చెప్పి మా మెషిన్లలో టెర్మినల్ తీసేశారు. పోనీ సపోర్ట్ వాళ్లకైనా ఉందిగా అంటే, వాళ్లు తెరవరు. ఆ మెసేజ్ చదివే అరనిమిషం కాంట్రాక్టులో ఎక్కడా లేదు మరి.

ఏ మెసేజూ రాకుండా, విండో కూడా రాకపోతే అది మామూలుగా పాత ప్రాసెస్ (ముందు తెరిచి ఇంకా నడుస్తున్న ప్రోగ్రామ్) పని. నాటిలస్ లాంటివి ఒక యూజర్‌కి ఒక్కటే నడుస్తాయి. ముందు నడిచింది ఎక్కడో ఇరుక్కుని ఉంటే, కొత్తగా నొక్కిన ప్రతి క్లిక్కూ డీ-బస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) ద్వారా దాని దగ్గరికే వెళ్తుంది, అది పలకదు, మనం ఇంకో పదిసార్లు నొక్కుతాం. నాటిలస్ అని రాసి పక్కన హైఫన్ క్యూ (nautilus -q) కొడితే పాతది ఆగిపోవాలి, ఆగకపోతే ప్రాసెస్‌ని కిల్ చేసి మళ్లీ తెరవచ్చు. ఫార్మాట్ దాకా ఎందుకు వెళ్లాలి? ఒక్కోసారి అసలు తెరుచుకోదని కాదు, 25 సెకన్ల తర్వాత తెరుచుకుంటుంది. డీ-బస్‌లో అడిగిన సర్వీసు జవాబు ఇవ్వకపోతే ఎదురుచూసే మామూలు గడువు అంత. డెస్క్‌టాప్ పోర్టల్ లాంటి, తెర వెనక నడిచే సర్వీసు ఏదో వెనకాల పడిపోయి ఉంటే ఇలా జరుగుతుంది. అంతసేపు ఓపిక పట్టి చూసే మనిషి ఎవరుంటారు చెప్పండి.

ఇక మా ఆఫీసుకి ప్రత్యేకంగా పట్టిన పీడ షేర్డ్ ఫోల్డర్. బూట్ అవగానే సర్వర్ మీది ఫోల్డర్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) ద్వారా మౌంట్ అయ్యేలా, అంటే మా కంప్యూటర్‌కి కలిసేలా పెట్టారు. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా హార్డ్ పద్ధతిలో మౌంట్ అవుతుంది, అంటే సర్వర్ పోతే అది తిరిగొచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది, వదలదు. సర్వర్ ఆగిన రోజు ఫైల్ మేనేజర్ ఆ చోటుని ఒకసారి పలకరించబోయి అక్కడే బిగుసుకుపోతుంది. గుర్తు పట్టడం తేలిక: టెర్మినల్‌లో డిస్క్‌లో చోటెంతుందో చూపే డీఎఫ్ (df) అని కొడితే అదీ బిగుసుకుపోతుంది. సర్వర్ లేపాలి, లేదా ఆ మౌంట్ ఊడదీయాలి. ఈ బాధ తగ్గాలంటే ఎఫ్‌స్టాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్‌లో) ఆటోమౌంట్ పెట్టి, వాడినప్పుడే కలిసేలా చేయాలి. ఇప్పుడు తమాషా చూడండి. ఫార్మాట్ కొట్టాక షేర్డ్ ఫోల్డర్ ఉండదు కాబట్టి ఫైల్ మేనేజర్ చక్కగా తెరుచుకుంటుంది, టికెట్ క్లోజ్. తర్వాత నెట్‌వర్క్ వాళ్లొచ్చి ఫోల్డర్ కలుపుతారు, సర్వర్ మళ్లీ ఆగుతుంది, మళ్లీ అదే కథ, మళ్లీ ఇంకో టికెట్, ఇంకో బిల్లు.

చోటు అయిపోవడం ఇంకోటి. ఎక్స్‌ట్4 (లైనక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లని అమర్చే పద్ధతి) డిస్క్‌లో మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న అకౌంట్) కోసం అట్టే పెట్టి ఉంటుంది. నా డిస్క్ నిండిపోయి నేను ఒక్క ముక్క రాయలేని పరిస్థితిలో కూడా, రూట్‌గా లాగిన్ అయి చూసే సపోర్ట్ మనిషికి అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది. మీ సెట్టింగ్స్ పాడయ్యాయి సార్, ఫార్మాట్ అంటాడు. ట్రాష్‌లో పడేసినవి కూడా డిస్క్‌లోనే ఉంటాయన్న సంగతి మాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

అన్నిటికన్నా కోపం తెప్పించేది పర్మిషన్ల గోల, ఎందుకంటే అది సపోర్ట్ వాళ్లు తెచ్చిపెట్టేదే. ఏదో ఫైల్ మార్చాలని సుడోతో, అంటే రూట్ అధికారంతో ప్రోగ్రామ్ నడిపే ఆదేశంతో, ఫైల్ మేనేజర్ తెరుస్తారు. 2019లో వచ్చిన ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) 19.10కి ముందు వెర్షన్లలో, సుడో వాడినా హోమ్ ఫోల్డర్ (సొంత ఫైళ్లు, సెట్టింగ్స్ ఉండే చోటు) మాత్రం యూజర్‌దే ఉండేది. మా ఆఫీసులో పాత మెషిన్ల మీద ఇంకా అవే నడుస్తున్నాయి. దాంతో నా సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్, తాత్కాలిక ఫైళ్లుండే క్యాష్ ఫోల్డర్లలో రూట్ పేరు మీద ఫైళ్లు పడిపోతాయి, మర్నాడు నా ఫైల్ మేనేజర్ తన సెట్టింగ్స్ తనే రాసుకోలేక చతికిలబడుతుంది. హోమ్‌లో రూట్ పేరున ఏమున్నాయో వెతికి వాటిని చోన్ (chown) అనే ఆదేశంతో యజమాని పేరు మీదకి మారిస్తే సరిపోతుంది.

కొత్త మెషిన్లలో ఎక్స్‌టెన్షన్ల (ఫైల్ మేనేజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ల) గొడవ ఉంది. 2022లో వచ్చిన నాటిలస్ 43, విండోలు గీసే లైబ్రరీ అయిన జీటీకేలో కొత్త వెర్షన్ 4కి మారింది, పాత ఎక్స్‌టెన్షన్లు మళ్లీ రాయాల్సి వచ్చింది. ఇవి ఫైల్ మేనేజర్ ప్రాసెస్‌లోనే నడుస్తాయి కాబట్టి అవి కూలితే అదీ కూలుతుంది. తీసేసి చూడాలి, అంతే.

మీరు దయచేసి ఆలోచించాల్సింది మాత్రం ఇంకొకటుంది. డిస్క్ చెడిపోయే దశలో తప్పు దొరికితే, చాలా ఇన్‌స్టలేషన్లలో కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఆ ఫైల్ సిస్టమ్‌ని రీడ్-ఓన్లీగా, అంటే చదవడమే తప్ప రాయలేనట్టుగా మార్చేస్తుంది. అప్పుడూ ఫైల్ మేనేజర్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. కెర్నెల్ లాగ్‌లో డిస్క్ ఎర్రర్లు వరసగా కనిపిస్తాయి. అది చూడకుండా అదే డిస్క్‌ని ఫార్మాట్ కొట్టి, అదే మనిషికి అప్పగిస్తే, ఈసారి పోయేవాటిని ఎవరూ వెనక్కి తేలేరు. చచ్చిపోతున్న డిస్క్ ఇచ్చిన హెచ్చరికని మనమే చెరిపేస్తున్నాం.

కాబట్టి అడిగేది పెద్దదేం కాదు. టెర్మినల్‌లో వచ్చిన మెసేజ్‌నీ, సిస్టమ్ రాసుకునే జర్నల్ లాగ్‌నీ అతికించకుండా ఫార్మాట్ చేసిన ఏ టికెట్‌కీ డబ్బు ఇవ్వొద్దని కాంట్రాక్టులో ఒక వాక్యం చేర్పించండి. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి అందులో ఫైల్ మేనేజర్ నడుస్తుందో లేదో చూడడం తప్పనిసరి చేయండి. అక్కడ నడిస్తే లోపం మన సెట్టింగ్స్‌లో ఉన్నట్టు, నడవకపోతే సిస్టమ్‌లో ఉన్నట్టు, ఐదు నిమిషాల పని. సెట్టింగ్స్‌లోనే అయితే సెట్టింగ్స్ ఫోల్డర్ పేరు మార్చి చూడమనండి, డిలీట్ వద్దు. నిజంగా ఫార్మాటే దిక్కయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్క్‌ని ముట్టుకోకుండా సిస్టమ్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి హోమ్ మొత్తం కాపీ తీశాకే కొట్టమనండి. ఇకపై ఎక్కించే మెషిన్లలో హోమ్‌కి వేరే పార్టిషన్ (డిస్క్‌లో విడిగా ఒక భాగం) పెట్టించండి, అప్పుడు సిస్టమ్ తుడిచినా మా ఫైళ్ల జోలికి రారు. ఇంకో మాట, మా టెర్మినల్ మాకు తిరిగి ఇప్పించండి. సుడో లేని మామూలు యూజర్ టెర్మినల్‌లో చేయగలిగిన నష్టం, మౌస్‌తో చేయగలిగిన దానికన్నా పెద్దగా ఎక్కువ ఉండదు.

సపోర్ట్ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు మీ దగ్గరికి వస్తుందని విన్నాను. సంతకం పెట్టేముందు, పోయిన ఏడాది ఎన్ని టికెట్లలో కారణం అన్న గడి ఖాళీగా ఉందో ఒకసారి అడిగి చూడండి.

ఇట్లు,
మీ శాఖలోనే పనిచేసే ఒక ఉద్యోగి